కడబంతి

ఈ ఉదయం నుంచి మా వీధి వెడల్పు మరీ నిలకడగా లేదు.

కాఫీ వేళకి లారీ పట్టేంత ఉంటుంది. పేపరు చదవడం పూర్తయ్యేలోపు సైకిలు పట్టేంతకి వస్తుంది. మళ్ళీ ఒళ్ళు విరుచుకుని, ఆటో పట్టేంత దగ్గర కాసేపు ఆగుతుంది. ఎదురింటి గుమ్మం ఒకసారి కేకేసినా వినపడనంత దూరంలో ఉంటుంది, ఇంకోసారి మా చెప్పులు వాళ్ళ అరుగు మీద ఉంటాయి. దీనికెవరూ ఏమీ అనుకోరు. సముద్రం పక్కనున్న వీధికి ఆటుపోట్లు ఉండవా అంటారు మా కాకినాడవాళ్ళు.

వీధితోపాటు ఇల్లూ సర్దుకుంటుంది. వెడల్పుగా ఉన్నప్పుడు హాలు, పడగ్గది, వంటిల్లు, అత్త గది, నాలుగూ పక్కపక్కన నిలబడతాయి. ఇరుకైతే ఒకదాని కిందికొకటి దిగుతాయి. అన్నిటికంటే పైన హాలు, అన్నిటికంటే అడుగున అత్త గది. మధ్యలో మెట్లు వాటంతటవే వస్తాయి, కాకపోతే కొంచెం నిదానంగా.

"ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని ఊరికే అన్లేదు," అంటారు మా ఆయన ముకుందం, హాలు కిందికి జారిన పడగ్గదిలోంచి తల బయటపెట్టి. ఇరుకైనప్పుడు ఆయన పడుకునే మంచం కూడా సగమైపోతుంది. ఆ ముక్క మాత్రం చెప్పరు.

ఇవాళ మా ఇంట్లో భోజనాలు. తాయారత్త ఇవాళ్టితో వంటపని మానేసి గరిటె దించుతోంది.

తాయారత్త మా నాన్నకి అక్క, నన్ను పెంచిన మనిషి. ఈ వీధిలో ఎవరింట్లో శుభకార్యమైనా వంటా వడ్డనా ఆవిడవే. ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళకి వండుతూ వండుతూ తన పెళ్ళికి తీరిక దొరకలేదంటుంది. అందరూ తిని చేతులు కడుక్కున్నాక, గుండిగ అడుగున మిగిలిందేదో పెట్టుకుని కడబంతిలో కూర్చుంటుంది. అప్పటికి పప్పు గడ్డకట్టి, బూరెలు చల్లారి ఉంటాయి.

"నీ జన్మలో ఒక్క వేడి బూరె తిన్నావా అత్తా?" అని అడిగితే, "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనే," అంటుంది. కడబంతికి వడ్డించేదీ తనే. అంతకంటే మనవాడు ఎక్కడ దొరుకుతాడు?

ఇవాళ ఆవిడ మొదటి బంతిలో కూర్చోవాలి. ఒక బూరె వేడిగా తినాలి. నాకు ఇవాళ ఇంకే కోరికా లేదు.

వంట వీధిలో మగవాళ్ళందరూ కలిసి చేస్తున్నారు. పనసపొట్టు ఎవరు కొట్టాలన్న దగ్గర చిన్న గొడవైంది గానీ, ఆవ ఘాటు మాత్రం సరిగ్గానే వస్తోంది. బంతులు వీధిలోనే, షామియానా కింద. చిక్కల్లా ఆ వీధితోనే. అది సన్నబడ్డ ప్రతిసారీ అత్త గది అడుక్కి పోతోంది. ఆకు వేసేలోపు ఆవిడ కడబంతికి జారిపోతుంది.

నాకిది తెలియని పని కాదు. నా ఉద్యోగమే వెబ్‌సైట్ల పేజీలు సర్దడం. కంప్యూటరు మీద పక్కపక్కన నిలబడ్డ బొమ్మలూ రాతలూ ఫోనులోకొచ్చేసరికి బుద్ధిగా ఒకదాని కింద ఒకటి దిగాలి. ఎవరి మీదా ఎవరూ పడకూడదు. పేజీకి పనికొచ్చింది ఇంటికి పనికి రాదా అనుకుని, లాప్‌టాప్ తెచ్చుకుని అరుగు మీద కూర్చుంటాను.

నేను రాసేది ఇంటికి నేరుగా అర్థం కాదు. గోడలకి పొట్టిమాటలు పట్టవు, అంతా విడమర్చి చెప్పాలి. అందుకు అటక మీద అవధానిగారున్నారు. ఇత్తడి బిందెల మధ్య పద్మాసనం వేసుకుని కూర్చుంటారు. నేను ఒక ముక్క రాసి పంపితే దాన్ని పూర్తిగా విప్పి, గట్టిగా చదువుతారు. ఇల్లు వింటుంది, విన్నట్టు నడుచుకుంటుంది. ఆఫీసులో ఇదే పని చేసే ప్రోగ్రాముని ప్రీప్రాసెసర్ అంటాం. అవధానిగారు ఆ పేరుకి ఒప్పుకోరు.

మొదట ఏ గదికాగది విడివిడిగా రాస్తాను. హాలుకొకటి, పడగ్గదికొకటి, వంటింటికొకటి. హాలుకి రాసిందే తీసుకెళ్ళి మిగతావాటికి అంటిస్తాను. తరవాత హాలు కొలత మారుస్తాను, వంటింటిది మార్చడం మర్చిపోతాను. వంటిల్లు సగం వీధిలోకి పొడుచుకొస్తుంది. ఒక ఆటో మా పొయ్యికి ఎడంపక్కగా తప్పుకుని, మర్యాదగా హారన్ కొట్టుకుంటూ వెళ్తుంది.

ఆఫీసులో ఎవరైనా ఇలా రాస్తే నేను ఒక పూటంతా తిడతాను. సొంతింటికి వచ్చేసరికి ఏ పద్ధతీ గుర్తుండదు మనకి.

అంతా చెరిపేసి మిక్సిన్ రాయడం మొదలుపెడతాను. మిక్సిన్ అంటే పెద్ద విద్యేమీ కాదు. ఒక పద్ధతిని ఒక్కచోట రాసి, దానికో పేరు పెట్టి ఉంచుతాం. కావలసిన చోట ఆ పేరు పెట్టి పిలిస్తే పద్ధతంతా అక్కడికొచ్చి కూర్చుంటుంది. పిలవకపోతే రాసిన చోటే పడుకుంటుంది, ఎంత బాగా రాసినా సరే.

దానికి బంతి అని పేరు పెడతాను. వీధి ఎంత ఉన్నా దాన్ని పన్నెండు పాళ్ళు చేస్తాను. బంతి రెండే ప్రశ్నలు అడుగుతుంది. ఇప్పుడు వీధిలో ఏది పడుతుంది? అంత వీధిలో నీకెన్ని పాళ్ళు? మీటర్లు మా వీధికి నిలవవు కాబట్టి సైకిలు, ఆటో, లారీ అని మూడు కొలతలు పెట్టుకుంటాను. సైకిలు పట్టే వీధిలో ఒక్కొక్కరికీ వీధంతా. లారీ పట్టే వీధిలో నలుగురు పక్కపక్కన. గదికైనా ఆకుకైనా ఒకటే పద్ధతి, ఒకటే వాటా. పంక్తిలో భేదం చెయ్యకూడదని అత్తే నాకు చిన్నప్పుడు చెప్పింది.

రాసింది పంపుతాను. అటక మీంచి దగ్గు వినిపిస్తుంది.

"బ్రాకెట్టు మూయలేదమ్మా," అంటారు అవధానిగారు.

"మూస్తే ఏమవుతుందండీ?"

"మూయకపోతే ఏమవుతుందో అడుగు. ఇక్కణ్ణించి సముద్రం దాకా ఉన్న ఇళ్ళన్నీ నీ హాల్లోవే అనుకుంటాయి."

చూస్తే మా సోఫా మీద ఎవరివో రెండు డాబాలు అప్పటికే కూర్చుని ఉన్నాయి. బ్రాకెట్టు మూస్తాను. అవి లేచి, కొంగులు సవరించుకుని వెళ్ళిపోతాయి.

ఇక పిలుపులు. మా వీధిలో బంతిని పిలవడమంటే కుంకుమ భరిణె పట్టుకెళ్ళి గడప గడపకీ బొట్టు పెట్టి రావడం. కీబోర్డు మీద పేరు కొట్టినా, గడప మీద బొట్టు పెట్టినా అవధానిగారికి ఒకటే, వెంటనే చదువుతారు. బొట్టు పెట్టిన గడపవాళ్ళకి షామియానా కింద ఒక ఆకు వచ్చి పడుతుంది. నేను ఎదురింటి భ్రమరాంబగారితో మొదలుపెట్టి ఒక్క ఇల్లూ వదలకుండా తిరుగుతాను. ఆటోస్టాండుకి పెడతాను. కరెంటు స్తంభానికి పెడతాను. అటక నిచ్చెనకీ పెడతాను, అవధానిగారు నొచ్చుకోకుండా. ఎవర్నీ మర్చిపోలేదన్న సంతోషంతో ఇంటికొస్తాను.

ఒకసారి సరిచూసుకుందామని భ్రమరాంబగారినీ మా ఆయన్నీ పక్కపక్క ఆకుల ముందు కూర్చోబెడతాను. కాసేపటికి ఆవిడ నన్ను కేకేస్తారు.

"ఏమ్మా హైమా, మీ ఆయన మోచెయ్యి నాకొచ్చేసింది. తీసుకోమ్మా."

నిజమే. ఆకుకీ ఆకుకీ మధ్య సందు వదలడం మర్చిపోయాను. ఇద్దరి మోచేతులూ కలిసి ఒకటైపోయాయి. మా ఆయన కొంచెం ఇబ్బందిగా, కొంచెం పరాకుగా కూర్చుని ఉన్నారు. బంతిలో ఒక్క మాట చేరుస్తాను, ప్రతి ఆకుకీ కుడిపక్కన జానెడు సందు అని. ఎవరి మోచెయ్యి వాళ్ళకి తిరిగొస్తుంది. ఒక్కచోట దిద్దితే వీధంతా దిద్దుకుంటుంది. ఇందుకే ఈ పనంటే నాకింత ఇష్టం.

కానీ ఇప్పుడు వరసలో చివరి ఆకు నిలవదు. తక్కినవి బాగానే ఉంటాయి, చివరిది మాత్రం జారి కింది వరసలో ఒంటరిగా పడుతుంది. పైకి తెచ్చి పెడతాను. మళ్ళీ పడుతుంది.

"చివరి ఆకు అవతల ఎవరున్నారమ్మా?" అంటారు పైనుంచి అవధానిగారు.

"ఎవరూ లేరండీ."

"మరి ఆ సందు ఎవరికోసం వదిలావు?"

అవతల లేనివాళ్ళ కోసం చోటు వదిలి, ఉన్న మనిషిని కిందికి తోసేశాను. చివరి ఆకు పక్కన సందు అక్కర్లేదని రాస్తాను. ఆకు ఎగిరొచ్చి వరసలో కూర్చుంటుంది, మళ్ళీ కదలదు. అత్త ఇన్నేళ్ళూ ఎందుకు జారిపోయిందో నాకు తెలిసిపోయిందనుకుంటాను. ఆ ధీమాతో వెళ్ళి మంచి చీర కట్టుకుంటాను.

మధ్యాహ్నానికి వీధంతా వస్తుంది. ఎవరి ఆకు ముందు వాళ్ళు కూర్చుంటారు. ఉప్పు, ఆవకాయ, ముద్దపప్పు, పనసపొట్టు కూర, పులిహోర వరసగా పడతాయి. మగవాళ్ళు మూకుడులోంచి బూరెలు తీస్తున్నారు. ఎవరూ ఆకులో చెయ్యి పెట్టరు. పెద్దావిడ కూర్చోందే మొదటి ముద్ద ఎలా అంటారు.

పెద్దావిడ రాలేదు. మొదటి బంతిలో ఆవిడకి ఆకు కూడా లేదు. నేను ఆవిడ కోసమని చోటు వదిలిన దగ్గర భ్రమరాంబగారూ కరెంటు స్తంభమూ మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుని ఉన్నారు.

"హైమా, బూరెలు చల్లారిపోతున్నాయే," అంటారు మా ఆయన బుట్ట పట్టుకుని.

అప్పుడే వీధి సైకిలంత సన్నబడుతుంది. ఆకులు పద్ధతి ప్రకారం ఒకదాని వెనక ఒకటి సర్దుకుంటాయి, ఒక్క మెతుకు ఒలకదు. నాకు దాన్ని చూసి మురిసే ఓపిక లేదు. ఇంట్లోకి పరిగెత్తి మెట్లు దిగుతాను.

హాలు కింద పడగ్గది. దాని కింద వంటిల్లు. వంటింటి కింద ఇంకో వంటిల్లు, కట్టెపొయ్యిది. దాని కింద మట్టి పొయ్యిలతో ఎవరో పెళ్ళివారి పాక. అత్త ఇంతకుముందు వండిన చోట్లన్నీ ఒకదాని కింద ఒకటి దొంతరగా ఉన్నాయి, అన్నిట్లో పొయ్యి ఇంకా వెచ్చగా ఉంది. వాటన్నిటి అడుగున ఆవిడ గది.

తాయారత్త పట్టుచీర కట్టుకుని, తల దువ్వుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. తయారై చాలాసేపైనట్టుంది.

"రాలేదేం అత్తా? అందరూ నీకోసం కూర్చున్నారు."

"పిలవని పేరంటానికి ఎలా వస్తానే?" అంటుంది. కోపంగా కాదు, ఇవాళ ఎండగా ఉంది అన్నట్టు.

"నువ్వు ఇంట్లో మనిషివి కదా!"

"ఇంట్లో మనిషిని గనకే ఎప్పుడూ ఎవరూ పిలవలేదు. నేనే నడిచొచ్చేదాన్ని, గరిటె ఉండేది కాబట్టి. ఇవాళ గరిటె లేదు కదే. ఏం పట్టుకుని రాను?"

నేను గడప వైపు చూస్తాను. పసుపు నున్నగా రాసి ఉంది. బొట్టు లేదు. ఆటోస్టాండుకి పెట్టాను, కరెంటు స్తంభానికి పెట్టాను. ఈ గడపకి పెట్టాలని తోచనేలేదు. సొంత మనిషికి బొట్టేమిటని మా వీధిలో ఎవరికీ తోచదు. పద్ధతి ఆవిడ కోసమే రాశాను, ఆవిడ దగ్గరికి మాత్రం పిలవలేదు. నాకు ఏడుపొస్తుంది, ఏడుస్తాను కూడా, ఎక్కువసేపు కాదు. బూరెలున్నాయి పైన.

భరిణె తీస్తాను. గడపకి బొట్టు పెడతాను. తరవాత అత్త నుదుటిన పెడతాను. "తాయారమ్మగారూ, మా ఇంటికి భోజనానికి రండి," అంటాను, వీధిలో అందరితో అన్నట్టే.

అత్త కళ్ళు మూసుకుంటుంది. "చల్లగా ఉంటుందేం ఇది?" అంటుంది. ఊరందరికీ బొట్టు పెట్టిన మనిషి, ఆ సంగతి తెలియదు.

పైనుంచి అవధానిగారి గొంతు మొదలవుతుంది. గది కదులుతుంది. పాకనీ కట్టెపొయ్యినీ వంటింటినీ పడగ్గదినీ దాటుకుంటూ లేచి, హాలు పక్కన వచ్చి నిలబడుతుంది. షామియానా కింద మొదటి బంతిలో మొదటి ఆకు పడుతుంది. కరెంటు స్తంభం పక్కకి జరిగి చోటిస్తుంది. తాయారత్త వెళ్ళి కూర్చుంటుంది. వీధంతా హమ్మయ్య అంటుంది.

అవధానిగారు మాత్రం చదవడం ఆపరు.

"అయిపోయిందండీ అవధానిగారూ," అంటాను.

"ఎక్కడైందమ్మా? పేరు పెట్టి పిలిచావు. ఆ పేరున్న వాళ్ళందరికీ చదవద్దూ?"

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తుంది. వంటింట్లోంచి ఒక తాయారత్త ఎక్కి వస్తుంది, నెరిసీ నెరవని జుట్టుతో, చెంగుతో మెడ తుడుచుకుంటూ. కట్టెపొయ్యి దగ్గర్నించి ఇంకొకావిడ, మణికట్టు మీద గుడ్డకట్టుతో. నా అన్నప్రాసన రోజు గంజి వార్చేటప్పుడు కాలిందని చెప్పేది, ఇదే అన్నమాట. పాకలోంచి ఓణీ వేసుకున్న పిల్ల, తనకంటే పొడుగు గరిటెతో. ఒక్కో విందులో కడబంతిలో తిన్న తాయారమ్మలు ఒక్కొక్కరే పైకొస్తారు. చెప్పులు విడిచినట్టు గరిటెలు అరుగు కింద విడిచి, వరసలో కూర్చుంటారు.

వీళ్ళందరూ పడతారా అని నాకు ఒక్క క్షణం భయం వేస్తుంది. పద్ధతి నిలబడుతుంది. ఒక్కొక్కరికీ ఒక ఆకు, ఒక వాటా, పక్కన జానెడు సందు. వీధి ఆటో దాటుతుంది, లారీ దాటుతుంది, ఇంకా విచ్చుకుంటూనే ఉంది.

"లారీ తరవాత ఏం రాశావమ్మా?"

"ఏమీ రాయలేదండీ."

"అయితే అవధి లేదన్నమాట," అంటారు అవధానిగారు. గొంతులో సంతోషం దాచుకోలేరు.

బంతి వీధి చివర దాటి ఇసుకలోకి, ఇసుక దాటి నీళ్ళ మీదికి వెళ్తుంది. అలకొక ఆకు. అల లేచినప్పుడు ఆకు లేస్తుంది, పప్పు తొణకదు.

మా ఆయన బూరెల బుట్టతో అత్త ముందు వంగుతారు. అత్త ఆకు మీద చెయ్యి అడ్డం పెడుతుంది. "చాలు చాలు," అంటుంది, ఇంకా ఏమీ వడ్డించకముందే. వరస పొడుగునా, సముద్రం మీద దాకా, తాయారమ్మలందరూ చేతులు అడ్డం పెడతారు. చాలు చాలు అన్న మాట నీళ్ళ మీద నుంచి గాలిలా వస్తుంది.

"అదేంటత్తా, వేడిగా ఉన్నాయి."

"కడబంతికి మిగలాలి కదే."

"కడబంతి లేదత్తా. అందరూ ఒక్క బంతిలోనే కూర్చున్నారు."

అత్త నా నిలువెల్లా చూస్తుంది. నా నడుముకి దోపిన కొంగునీ, చేతిలో నెయ్యి గిన్నెనీ చూస్తుంది. "నువ్వెప్పుడు తింటావే?"

"నేను తరవాత తింటాలే."

"అయితే ఉన్నట్టే," అంటుంది. చెయ్యి తియ్యదు.

వడ్డించేవాళ్ళు ముందెలా కూర్చుంటారు? బుట్టలో బూరెల మీద ఆవిరి పల్చబడుతోంది.

నీళ్ళ వైపు నుంచి అందరికంటే చిన్న తాయారమ్మ పరిగెత్తుకొస్తుంది. పాలపళ్ళ పిల్ల, ఇంకా ఏ గరిటే పట్టని చెయ్యి. నా దగ్గరున్న భరిణె లాక్కుని, నన్ను వంగమంటుంది. వంగుతాను. నా నుదుటిన బొట్టు పెడుతుంది. చల్లగా ఉంటుంది, నిజమే.

"అత్తా, మా ఇంటికి భోజనానికి రా," అంటుంది నాతో.

నా కాళ్ళ దగ్గర ఒక ఆకు పడుతుంది. నేను తాయారత్త పక్కన కూర్చుంటాను. ఆ పిల్ల మా ఆయనకి పెడుతుంది, మూకుడు దగ్గరున్న వాళ్ళందరికీ పెడుతుంది. నిచ్చెన దిగివచ్చిన అవధానిగారు పంచె సర్దుకుని కూర్చుంటారు. తాయారత్త వరస ఈ చివర నుంచి ఆ చివర దాకా చూస్తుంది. నిలబడి ఉన్న మనిషి ఒక్కరూ లేరు. ఆవిడ ఆకు మీద నుంచి మెల్లగా చెయ్యి తీస్తుంది. వరస పొడుగునా చేతులన్నీ లేస్తాయి.

వడ్డించడానికి ఇక ఎవరూ మిగల్లేదు కాబట్టి సముద్రం లేస్తుంది. కొంగు నడుముకి దోపుకుని, ఒక చేత బూరెల బుట్ట, ఒక చేత నెయ్యి గిన్నె పట్టుకుని ఇసుక దాటి వస్తుంది. నడుస్తుంటే చీర కుచ్చెళ్ళలో చేపలు మెరుస్తున్నాయి. మొదటి ఆకు దగ్గర వంగి బూరె పెడుతుంది. తాయారత్త బూరె మధ్యలో వేలితో గుంట చేస్తుంది. వేలు చురుక్కుమంటుంది. అబ్బా అని, కాలిన వేలు నోట్లో పెట్టుకుని చిన్నపిల్లలా నవ్వుతుంది.

సముద్రం ఆ గుంటలో నెయ్యి పోస్తూ, చాలా అని అడుగుతుంది. అత్త తల అడ్డంగా ఊపుతుంది.